ధారూరు స్టేషన్లో దిగిన తోడేళ్లు

ఆ రోజుల్లో అని నేను మొదలుపెట్టగానే మా ఆవిడ నవ్వుతుంది. "ఏ రోజులు, నైజాం జమానానా?" అంటుంది. నిజమే, అవి మరీ పాత రోజులేం కావు. అప్పటికే అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి. మా వికారాబాద్‌లో కూరగాయలమ్మే ముసలమ్మ కూడా బేరాల మధ్య వీడియోలు చూస్తుండేది. కానీ మగవాడికి పెళ్లికి ముందు జరిగినవన్నీ ఆ రోజుల కిందికే వస్తాయని నా అభిప్రాయం. ఆ రోజుల్లో నాకున్న ఆస్తులు రెండే, ఒకటి కొత్తగా దిద్దుకున్న మీసం, రెండు బుద్ధిమంతుడనే పేరు. తాండూరులో పాలిష్ బండల ఫ్యాక్టరీలో కొత్తగా ఉద్యోగం దొరికింది. లారీకి ఎన్ని బండలు ఎక్కాయో చూసి చీటీ రాసివ్వడం నా పని. (మా అమ్మ మాత్రం వాడకట్టులో అందరికీ "మావోడు ఫ్యాక్టరీ చూసుకుంటడు" అని చెప్పేది. నేను ఒకరోజు జ్వరమొచ్చి పోకపోతే ఫ్యాక్టరీ నడవదేమోనని మా పక్కింటాయన నిజంగానే ఫికరు పడ్డాడు.) పొద్దున ప్యాసింజరు పట్టుకుని తాండూరు పోవడం, సాయంత్రం ఒంటినిండా బండల దుమ్ముతో తిరిగి రావడం, ఇదీ నా బతుకు.

ఆ బతుకులోకి తోడేళ్లను తోలింది మా అక్క. ఆమెను మర్పల్లికి ఇచ్చాం. ఆమె ఫోన్ నిండా పిల్లల ఫొటోలు, ఇంకేం పట్టే జాగా లేదు. అందుకని కథలు చదివే యాప్ ఒకటి నా ఫోన్లో వేసి, "నువ్వు రైల్ల ఉత్తగనే కూసుంటవ్ గద తమ్మీ, రోజు ఒకసారి తెరిచి హాజరు ఎయ్యి. హాజరు ఎయ్యకుంటె ముందటి భాగం ఇయ్యరు" అని చెప్పి పోయింది. నెలకోసారి వచ్చి నా ఫోన్ లాక్కుని ఒక మూల కూర్చుంటే, అన్నానికి పిలిచినా పలికేది కాదు. అసలు ఏం చదువుతోందో, చెడిపోతోందేమోనని తమ్ముడిగా నా బాధ్యత గుర్తొచ్చి ఒకరోజు నేనే మొదటి భాగం తెరిచాను. అందులో ఒక మంచుకొండల దేశం. అక్కడ మనుషులుగా తిరుగుతూ కోపమొస్తేనో వెన్నెలొస్తేనో తోడేళ్లయిపోయే ఒక గుంపు. ఆ గుంపుకు ఒక నాయకుడు, ఆరడుగుల మనిషి, బంగారు కళ్లు. గుంపుతో సంబంధం లేని ఒక మామూలు పిల్ల. పిల్లను చూసినప్పుడల్లా ఆయన కండలు పొంగి అంగీ చినిగిపోయేది. నేను తాండూరు చేరేలోపు నాలుగు భాగాలు అయిపోయాయి. అక్క పట్ల నా బాధ్యత సంగతి మర్చిపోయాను. నెల తిరక్కుండానే, నేను ఫ్యాక్టరీలో గొంతు తగ్గించి గంభీరంగా మాట్లాడటం మొదలుపెట్టాను. అంగీలు ఒక కొలత చిన్నవి కొన్నాను. నాది కండతో చినగలేదు గానీ, లారీ కొక్కేనికి తగిలి ఒకటి చినిగింది.

ఇది ఆడపిల్లలు చదువుకునే ప్రేమ కథ అని నాకు తెలుసు. యాప్ తెరవగానే గులాబీ రంగు పడేది, "రాణీ, మీ కోసం తోడేళ్ల రాజు ఎదురుచూస్తున్నాడు" అని రాసి ఉండేది. మీసమున్న మనిషి పదిమందిలో చూపించుకునే విషయం కాదది. కాబట్టి ఫోన్‌ను కిటికీ వైపు తిప్పుకుని, పత్తి ధర చూసుకునే రైతులా మొహం పెట్టి చదివేవాడిని. కానీ మా రైలు డబ్బాలో ఒక రివాజు ఉండేది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు ఊరకే కూర్చోకూడదు, తాండూరు వచ్చేదాకా ఏదో ఒక ముచ్చట చెప్పాలి. ఆ రివాజు పెట్టింది ఖాలా. తాండూరు బజారులో గాజుల దుకాణం నడిపే ముసలావిడ, పిన్నమ్మ వరసన మాకందరికీ ఖాలాయే. "కిటికి గాలి ఉత్తగ రాదు బేటా" అనేది. ఒకరోజు ఆవిడ నా మొహం చూసి, "పది దినాల నుంచి సూస్తున్న, నీలనే నువ్వు నవ్వుతున్నవ్, నీలనే నువ్వు పరేషాన్ అయితున్నవ్. గా ఫోన్ల ఏముంది, జర జోర్‌గ చెప్పు, మేం గూడ ఇంటం" అంది. ఎదురుగా మా టిఫిన్ పెద్దాయన (వికారాబాద్ సిగ్నల్ దాటకముందే డబ్బా మూత తీసేవాడు కాబట్టి ఆ పేరు) నమలడం ఆపి నా వైపు చూశాడు.

ప్రేమ కథ చదువుతున్నానని చెప్పడానికి నోరు రాలేదు. "తోడేళ్ల గురించి ఖాలా" అన్నాను. అంతే, చెప్పక తప్పలేదు. చెప్పాను గానీ, పిల్లను తీసేశాను. బంగారు కళ్లను తీసేశాను, చినిగే అంగీని తీసేశాను, మనిషి తోడేలయ్యే సంగతే ఎత్తలేదు, ఎత్తితే ఎందుకయ్యాడని అడుగుతారు, అడిగితే పిల్ల దగ్గరికి పోవాలి. ఇక మిగిలిందేమిటి? ఉత్తరం గుట్టల నుంచి దిగిన తోడేళ్ల గుంపు ఒకటి, వాటికొక దొర, సరిహద్దుల దగ్గర పారా, రాబోయే పున్నమికి అన్నీ ఒక్కచోట కూడి దాడికి దిగాలనే తీర్మానం. మంచుకొండలంటే మావాళ్లకు పట్టదని, "మన కోట్‌పల్లి చెరువు కట్ట లేదా, గట్ల ఉంటది, ఆడ దాకా వచ్చినయ్" అని చెప్పేవాడిని. మధ్యమధ్య ఫోన్లోకి చూసి, "ఇయ్యాల ఏమైందంటే" అని మొదలుపెట్టేవాడిని. రోజుకింత చొప్పున పది పదిహేను రోజులు నడిచింది. టిఫిన్ పెద్దాయన అటుకులు చల్లారబెట్టుకుని మరీ వినేవాడు. నా జన్మలో నా మాట అంతమంది అంత శ్రద్ధగా వినడం అదే మొదలు. (చివరిది కూడా అని మా ఆవిడ అంటుంది.)

ఆ సంబరంలో నేను చూసుకోనిది ఒకటుంది. ధారూరులో పత్తి ఏరే ఆడవాళ్లు పదిమంది ఎక్కి, తర్వాతి స్టేషన్ రుక్మాపూర్‌లోనే దిగిపోయేవాళ్లు. తలుపు దగ్గర నిలబడి ఆ కాసేపూ చెవి ఇటు వేసేవాళ్లు. వాళ్లకు రోజూ నడిమి ముక్కే దొరికేది. ఇది కథ అని వికారాబాద్‌లో ఎక్కినవాళ్లకు తెలుసు. ధారూరులో ఎక్కినవాళ్లకు తెలిసిందల్లా, చదువుకున్న పిలగాడొకడు ఫోన్లో చూసి, తోడేళ్లు కోట్‌పల్లి కట్ట దాకా వచ్చాయని చెబుతున్నాడని.

ఒకరోజు ధారూరులో పదిమందికి బదులు ఒక్క పెద్దవ్వే ఎక్కింది. మిగతావాళ్లేరని ఖాలా అడిగింది. "ఏడికెల్లి వస్తరు అమ్మా, పొద్దుగాల చీకటుండంగ చేన్లకు పోనీకె భయపడ్తున్నరు" అంది పెద్దవ్వ. తర్వాత నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "బిడ్డా, గవి పున్నానికేనా వచ్చేది, ముందుగాలనే వస్తయా? మా ఊర్ల గొంగడి తాత జీవాలన్ని అమ్మేస్తుండు. బేరగాడు రేపు వస్తడు. ఎల్లుండే గద పున్నం" అంది. నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. "ఆయన అయ్య కాలం సంది ఉన్న మంద బిడ్డా. వాళ్లింటి అవ్వ నిన్నటి సంది అన్నం ముడుతలేదు. బేరగాడు సందు దొరికిందని అగ్గువకు అడుగుతుండు. ఏం జేస్తం, నీ అసొంటి సదువుకున్న పిలగాడు చెప్పినంక నమ్మకుంట ఎట్లుంటం" అంటూ రుక్మాపూర్‌లో దిగిపోయింది.

ఆ పున్నమి నాది. అక్క ఫోన్లో జాగా లేకపోబట్టి నా ఫోన్లోకి వచ్చిన పున్నమి అది. దాని దెబ్బకు ఒక ముసలాయన గొర్రెల్ని అమ్ముకుంటున్నాడు. నిజం చెబితే మీసం పోతుంది, చెప్పకపోతే మంద పోతుంది. రుక్మాపూర్ నుంచి తాండూరు దాకా నేను నిజాయితీగా మీసం గురించే ఆలోచించాను, ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేముంది. టిఫిన్ పెద్దాయన మూతి తుడుచుకుని, "కథ గిథ అని ఎందుకు, అడివి ఆఫీసోళ్లు తరిమిన్రు, ఎల్లిపోయినయ్ అని చెప్పు, ఒడుస్తది" అన్నాడు. అది నాకు మస్తు నచ్చింది. ఖాలా మాత్రం, "ఏదో ఒకటి, రేపు నువ్వు ధారూర్ల దిగాలె. నేను గూడ దిగుత. నిన్ను ఒక్కన్ని పంపిస్తె నువ్వు తాండూర్‌ల తేలుతవ్" అంది. ఆవిడకు మనుషులు తెలుసు.

మర్నాడు దుకాణానికి తాళం వేసుకుని ఖాలా, ఫ్యాక్టరీకి కడుపునొప్పి అని ఫోన్ చేసి నేను, ధారూరులో దిగి ఆటో పట్టుకుని ఆ ఊరు చేరాం. ముళ్లకంప దడి కట్టిన దొడ్డి, దాని ముందు ఊరంతా. బేరగాడు అప్పటికే ట్రాలీ తెచ్చి నిలబెట్టాడు. గొంగడి తాత పేరుకు తగ్గట్టు ఎండలో కూడా గొంగడి కప్పుకుని కూర్చున్నాడు, పక్కన అవ్వ ఒక గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని. నన్ను చూడగానే తాత లేచి నిలబడ్డాడు. డెబ్భై ఏళ్ల మనిషి నా కోసం లేస్తుంటే నేనే గబగబా చేతులు జోడించాను. "కూసో బిడ్డా. నా దిక్కు తోడేళ్లు నాకెరుకే. ఎండకాలం ఒకటో రెండో వస్తయ్. ఒక పిల్లను ఎత్కపోతె, దాని పాలు అది తీస్కపోయిందనుకుంట. గవాటికి నేను భయపడ. గని ఇవి పారా పెట్టుకుంటయంట, పంచాయతి చేసుకుంటయంట, వీటికొక దొర గూడ ఉన్నడంట. దొరలు పోయిన్రనుకుంటె తోడేళ్లయి మళ్ల వచ్చిన్రా? దొరతోని ఎవడు కొట్లాడుతడు బిడ్డా, నాతోని కాదు" అన్నాడు.

నేను టిఫిన్ పెద్దాయన నేర్పిన పాఠం అప్పజెప్పాను. "తాతా, ఇంగ ఫికర్ లేదు. అడివోళ్లు నిన్న తరిమిన్రు. అవి పోయినయ్" అన్నాను. జనం ఊపిరి పీల్చుకున్నారు. తాత ఒక్కడే అనుమానంగా చూశాడు. "ఏ దిక్కు పోయినయ్?" ఆ ప్రశ్న పెద్దాయన పాఠంలో లేదు. "కొడంగల్ దిక్కు" అన్నాను. అవ్వ ఒళ్లోని గొర్రెపిల్లను దించి లేచింది. "అయ్యో, కొడంగల్ల మన అల్లుని మంద లేదూ!" తాత చేయి చాచి, "ఫోన్ తేండ్రే, అల్లుని గూడ అమ్మేయమని చెప్త. ఏ బేరగాడా, కొడంగల్ గూడ వస్తవా?" అన్నాడు. బేరగాడు ఎంత దూరమైనా వస్తానన్నాడు. ఒక అబద్ధానికి రెండో మంద కూడా ట్రాలీ ఎక్కేలా ఉంది. ఖాలా నా వీపు మీద చేయి పెట్టింది, ఆప్యాయంగా కాదు, తోయడానికి.

"తాతా, ఆగు. అది కథ" అన్నాను. "కథనా?" అన్నాడు తాత. "కథే, ఫోన్ల రోజు ఇంత వస్తది. తోడేళ్లు లేవు, దొర లేడు." తాత తల అడ్డంగా ఊపాడు. "మా పానం నిమ్మలం చేయనీకె చెప్తున్నవ్ బిడ్డా. కథైతె దానికో మతలబు ఉంటది. ఉత్తగ తోడేళ్లు వచ్చుడు, కూడుడు, పారా కాసుడు, ఇది కథెట్లయితది? ఇది ఖబర్. ఎందుకొచ్చినయవి? ఏం గావాలె వాటికి?" నాకు తెలిసిన విమర్శకుల్లో ఆ తాత అంత సూటిగా అడిగినవాళ్లు లేరు. నేను కథలోంచి తీసేసిన ముక్క ఏదో, సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు. "చెప్పు బేటా" అంది ఖాలా. పత్తి ఏరే ఆడవాళ్లు, పిల్లలు, బేరగాడు, ట్రాలీ డ్రైవరు అందరూ నన్నే చూస్తున్నారు. "ఒక పిల్ల ఉంది తాతా" అన్నాను, నా చెవులు కాలుతుండగా. "దొర రాత్రి తోడేలు, పగలు మనిషి. ఆయనకు ఆ పిల్లంటే పానం. దాని కోసమే వచ్చిండు."

ఎవరూ నమ్మలేదు. చదివి చూపించమన్నారు. గులాబీ రంగు యాప్ తెరిచి, దొడ్డి ముందు నిలబడి చదివాను. "అతని బంగారు కళ్లలో ఆమె తన ప్రతిబింబాన్ని చూసుకుంది. ఆమె గుండె దడదడలాడింది. నువ్వు నా దానివి అని అతడు గుర్రుమన్నాడు." లారీ చీటీ చదివినట్టు, ఒకే గొంతుతో, తల ఎత్తకుండా చదివాను. అవ్వకు కోపమొచ్చింది. "గట్ల బండలు లెక్కవెట్టినట్టు చదువుతవేంది బిడ్డా? పాపం గాయన అంత దూరం నుంచి వచ్చిండు, జర మనసు వెట్టి చదువు." మళ్లీ చదివాను, ఈసారి మనసు పెట్టి. గుర్రుమనాల్సిన చోట గుర్రుమన్నాను కూడా. దొడ్డిలో గొర్రెలు ఒక్కసారిగా బెదిరి ఒక మూలకు సర్దుకున్నాయి. నవ్వు ముందు పత్తి ఏరేవాళ్లలో మొదలైంది, ఆ తర్వాత ట్రాలీ డ్రైవరు, ఆ తర్వాత ఊరంతా. నవ్వనివాడు తాత ఒక్కడే, శాస్త్రం చూసుకుంటున్నాడు. "గిది రాసినాయన తోడేలును సూడలే. ఆడదాని దగ్గరికొచ్చి తోడేలు గట్ల గుర్రుమనదు. చెవులు ఎనుకకు ఏస్తది, తోక ఊపుతది, అది ఒప్పుకునేదాక చుట్టు తిరుగుతది. గని ఒక్కదాన్నే చేసుకుంటది, సచ్చేదాక దానెంబడే ఉంటది. గది మాత్రం సక్కగ రాసిండు" అన్నాడు. అవ్వ గొర్రెపిల్లను మళ్లీ ఒళ్లోకి తీసుకుంటూ, "నలభై ఏండ్లాయె, నాకు గుర్రుమనుడే ఎరుక. ఎన్నడన్న తోక ఊపినవా?" అంది. అప్పుడు నవ్వాడు తాత, నోట్లో ఉన్న మూడు పళ్లూ కనిపించేలా.

బేరగాడు మాత్రం, "మరి మన బేరం?" అన్నాడు. "ఏం బేరం? దొర పెండ్లి గానియ్, అప్పుడు సూద్దం" అన్నాడు తాత. ఎట్లాగూ ఖాళీ ట్రాలీతోనే పోవాలి గనక బేరగాడు వెంటనే పోలేదు, ఇంకో రెండు భాగాలు విని పోయాడు. బయల్దేరేముందు అవ్వ నా చేతిలో సత్తుగిన్నెడు జున్ను పెట్టి, "పెండ్లయ్యేదాక చెప్పాలె బిడ్డా, నడుమల ఇడిస్తె పాపం" అంది.

మంద మిగిలింది, మీసం పోయింది. ఖాలా దుకాణంలో గాజులు వేయించుకున్న ప్రతి చేతితో పాటూ ఆ ముచ్చట తాండూరంతా తిరిగింది. ఫ్యాక్టరీలో హమాలీలు సరిహద్దు అవతలి కన్నడం వాళ్లు. నేను చీటీల పుస్తకం పట్టుకుని వస్తుంటే "తోళ బంతు" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు, తోడేలు వచ్చిందని. రైల్లో నా పేరు తోడేలు సారు అయిపోయింది. అక్కకు తెలిసి వారం రోజులు నవ్వింది, నువ్వు నాకంటే ముందు భాగాలు చదివేశావా అని ఆ తర్వాత వారం కొట్లాడింది. ఇంత జరిగాక దాచేదేముంది, కథ మళ్లీ మొదటి నుంచి, ఈసారి పిల్లతో సహా, రైల్లో చెప్పాను. టిఫిన్ పెద్దాయన, "గిది ముందుగాలనే చెప్తే ఏం పోయేది నీకు" అని నొచ్చుకున్నాడు. అవ్వ కోసం కొన్ని ఆదివారాలు ఆ ఊరు కూడా పోయి చదివి వచ్చాను. కానీ ఆ కథ ఆరు పుస్తకాలు. మూడో దాంట్లో దొరకు జ్ఞాపకం పోయింది, నాలుగో దాంట్లో పిల్లను ఎవరో ఎత్తుకుపోయారు. ఇంతలో నాకు వికారాబాద్‌లోనే పని దొరికి రైలు మానేశాను, పెళ్లయింది, ఫోన్ మారింది, కొత్త ఫోన్లో ఆ యాప్ వేయలేదు. వేయాలనుకున్నాను చాలాసార్లు. మనం ఆపేసినవన్నీ అలా అనుకుంటూనే ఆపేస్తాం కదా.

మొన్న చలికాలం మా ఆవిడను, పాపను బండి మీద ఎక్కించుకుని కోట్‌పల్లి చెరువు చూపించడానికి పోతుంటే, రోడ్డుకు అడ్డంగా మంద వచ్చింది. మందలో సగం గొర్రెపిల్లలే. వెనక గొంగడి కనిపించగానే బండి ఆపాను. తాత నన్ను గుర్తుపట్టలేదు. మీసం లేదు, పొట్ట ఉంది, ఏం గుర్తుపడతాడు. "తాతా, నేనే, తోడేలును" అన్నాను. ఆ మూడు పళ్లలో ఇప్పుడు ఒక్కటే మిగిలింది గానీ నవ్వు అదే. నా చేయి పట్టుకుని ఆయన అడిగిన మొదటి మాట నా క్షేమం గురించి కాదు. "గా పిల్ల దొరను చేసుకున్నదా? ముసల్ది ఇప్పటికి యాది చేస్తది."

నాకేం తెలుసు? నాలుగో పుస్తకం దగ్గర ఆ పిల్లను వదిలేసి వచ్చినవాడిని. రోడ్డు పక్కన రాయి మీద అవ్వ కూర్చుని, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఇటే చూస్తోంది. కొడంగల్ మంద దాకా పోయిన నా పాత అబద్ధం గుర్తొచ్చింది. అయినా, "చేసుకుంది తాతా" అన్నాను. "పున్నం నాడేనా?" "పున్నం నాడే." "అయితె నాకు గాదు, దానికి చెప్పు. దానికి చెవులు ఇనొస్తలెవ్వు, జర జోరుగ చెప్పు." మా ఆవిడ చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. కొడంగల్ బస్సు ఒకటి గొర్రెలు దాటేదాకా ఆగి ఉంది, కిటికీల నిండా జనం. ఒకప్పుడు రైల్లో ఆ పిల్ల పేరెత్తడానికి సిగ్గుపడి ఒక ఊరినే పరేషాన్ చేసినవాడిని, ఇప్పుడు నడిరోడ్డు మీద నిలబడి, దొర ఆ పిల్లను ఎట్లా వెతుక్కున్నాడో, ఏమని అడిగాడో, కోట్‌పల్లి కట్ట మీద పందిరి ఎట్లా వేశారో, నా కడుపులోంచి పుట్టించి గొంతు చించుకుని చెప్పాను. అవ్వ అంతా విని, ఒకే ఒక్క సందేహం అడిగింది. "పిల్లను అడిగేటప్పుడు గుర్రుమన్నడా, తోక ఊపిండా?"

"ఊపిండు అవ్వా" అని బస్సు అంతా వినేట్టు అరిచాను. అవ్వ తాత వైపు చూసింది. తాత గొంగడి సర్దుకుని గొర్రెల్ని అదిలించుకుంటూ ముందుకు నడిచాడు, కానీ నాలుగడుగులు వేసి, ఆమె లేచి వచ్చేదాకా ఆగాడు.